తూర్పు గ్యాలరీ

మా ఆయనకు స్పోర్ట్స్ డైరెక్టర్ కుర్చీ దక్కిన ఏడాదే మా కాలేజీకి ఫుట్‌బాల్ పోటీలు జరిపే అవకాశం కూడా దక్కింది. రెండు సంతోషాలు ఒకేసారి గుమ్మంలోకి వచ్చేసరికి దేన్ని ముందు లోపలికి పిలవాలో తెలియక మా అత్తయ్య ఉక్కిరిబిక్కిరైపోయింది.

నిజానికి ఆయన్ని డైరెక్టర్ అనలేదు, ఇన్‌ఛార్జి డైరెక్టర్ అన్నారు. పోటీలు సవ్యంగా జరిపిస్తే ఆ తోక తీసేస్తామన్నారు. తోక సంగతి ఎలా ఉన్నా బంగళా మాత్రం ముందే ఇచ్చేశారు. మైదానం అంచునే ఉండేది ఆ ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా తూర్పు గ్యాలరీ వెనక భాగం. ఆకాశాన్ని సగం మింగేసిన కాంక్రీటు మెట్ల వరసలు, వాటి కింద లావుపాటి స్తంభాలు, స్తంభాల మధ్య పట్టపగలు కూడా వదలని చీకటి. కొత్త ఇంట్లో అన్నీ నచ్చాయి కానీ, ఆ కిటికీ ముందు నిలబడి గిన్నెలు కడుగుతుంటే ఎవరో నా వెనక కాదు, ముందే నిలబడి చూస్తున్నట్టుండేది.

ఆయన ఒకప్పుడు అదే మైదానంలో ఆడేవారు. మోకాలు పోయింది కానీ ఆట పోలేదు. స్పోర్ట్స్ ఆఫీసులో చేరి, మైదానంలో సున్నం గీతలు గీయడం దగ్గర్నుంచి, జట్లకు బస్సులు చూడటం, దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి మొయ్యడం దాకా అన్నీ చేసుకుంటూ మెట్టు మెట్టుగా పైకొచ్చారు. జెర్సీల మీద నంబర్లు కుట్టడం నా పని. డైరెక్టర్ గారి భార్యనయ్యాక కూడా కుట్టు మెషిన్ ముందు నుంచి లేవలేదు నేను. ఆయనకి ఒక విద్య ఉండేది. మైకు చేతికిస్తే అరవరు. పక్కింటాయనతో గోడ మీంచి మాట్లాడినట్టు మాట్లాడతారు. అదేం మాయో, ఎంత జనమైనా నోరు మూసుకుని వింటారు.

పోటీలు దగ్గర పడ్డాక రోజూ పొద్దున్నే గ్యాలరీ కిందికి వెళ్లడం మొదలుపెట్టారు. టార్చి పట్టుకుని వెళ్లి, తలంతా సిమెంటు పొడితో తెల్లగా చేసుకుని వచ్చేవారు. బంతులేవో పోతే వెతుకుతున్నారనుకున్నాను. ఒకరోజు ఉతకబోతూ చొక్కా జేబు తిప్పితే అట్టలా ఊడిన ఇనప పెచ్చు ఒకటి చేతిలో పడింది. ఎర్రగా, వేళ్ల మధ్య పొడైపోతూ.

"ఇదేంటండీ?"

"తుప్పు."

"ఎక్కడిది?"

"తుప్పుకి ఊరూ పేరూ ఉంటాయా?" అని నవ్వి, నా అరచేతిలోంచి తీసి కిటికీలోంచి అవతలకి విసిరేశారు. నవ్విన మొహంలో నవ్వు లేదు.

ఆ వారమే కాలేజీ భవనాలు చూసే ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరూ గ్యాలరీ కింద చాలాసేపు తిరిగి, చేతులు దులుపుకుంటూ మా వరండాలో కూర్చున్నారు. నేను టీ పట్టుకెళ్లేసరికి ఇంజనీరు చెబుతున్నాడు.

"కూర్చుంటే ఏం కాదు సార్. కూర్చునే జనాన్ని ఇంకా కొన్నేళ్లు మోస్తుంది."

"మరి?"

"లేచి గెంతితేనే. అందరూ ఒక్కసారిగా ఎగిరి ఒక్కసారిగా దిగితే, ఆ దెబ్బ వేరు."

"ఫుట్‌బాల్ మ్యాచ్ అండీ ఇది. మనవాళ్లు గోల్ కొడితే గెంతకుండా కూర్చుని చప్పట్లు కొడతారా?"

ఇంజనీరు టీ ఊదుకుంటూ ఉండిపోయాడు. నన్ను చూసి కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "నేను మాటవరసకి చెప్పాను సార్. పైవాళ్లు అడిగితే చెప్పలేదంటాను. ఏమీ అనుకోకండి, పిల్లలు గలవాణ్ణి" అన్నాడు.

మా అమ్మాయి అప్పుడే సైకిలు గేటుకి ఆనించి లోపలికొస్తోంది. అదే కాలేజీలో మొదటి సంవత్సరం. ఇంజనీరు దానివైపు చూసి, "మీ పాపా?" అని అడిగి, జవాబు వినకుండానే లేచి వెళ్లిపోయాడు. కప్పులో టీ సగం అలాగే ఉంది.

ప్రిన్సిపాల్ గారు మా కొత్త ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు మా ఆయన ఆ సంగతి ఎత్తారు. ప్రిన్సిపాల్ మంచి మాటకారి. వచ్చీ రాగానే కర్టెన్లు మెచ్చుకున్నారు, అత్తయ్య ఆరోగ్యం అడిగారు, అమ్మాయి మార్కులు అడిగారు. కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలాక మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"సార్, తూర్పు గ్యాలరీ ఈసారికి మూసేద్దాం. చుట్టూ తాడు కట్టి, జనాన్ని గీత బయట నిలబెడదాం. నేను చూసుకుంటాను."

"ఫైనల్స్‌కొచ్చే మంత్రిగారు పడమటి వేదిక మీద కూర్చుంటారు. ఆయన ఎదురుగా ఖాళీ గ్యాలరీ పెడతావా? పళ్లూడిన నోరులా ఉంటుందయ్యా!"

"గ్యాలరీ బలంగా లేదు సార్."

"నేను స్టూడెంటుగా ఉన్నప్పటి నుంచీ ఉంది. నేనూ గెంతాను దాని మీద. పడిందా?" అని నవ్వి, మా ఆయన మోకాలి మీద తట్టారు. పోయిన మోకాలి మీదే. "కుర్చీ కొత్తది కదా, అంతా కదులుతున్నట్టే అనిపిస్తుంది. ఫైనల్స్ కానివ్వు. కుర్చీ నీదే, ఇల్లు నీదే. పెద్దమ్మా, మీ అబ్బాయికి కాస్త ధైర్యం నూరిపొయ్యండి."

గేటు దాకా సాగనంపి వచ్చాక అత్తయ్య కొడుకు మీద విరుచుకుపడింది. "అంత పెద్దాయన ఇంటికొస్తే ఎవరైనా సిమెంటు గురించి మాట్లాడతార్రా?"

ఆయన మళ్లీ ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. చేతనైనవేవో చేసుకుంటూ పోయారు. గ్యాలరీ మెట్ల మీద 'నిలబడరాదు' అని పెద్దక్షరాలతో రాయించారు. ఆయన అసిస్టెంటు ఒకడుండేవాడు. ఎప్పుడూ మెళ్లో ఈల వేలాడుతుండేది కనక అందరూ విజిల్ అనేవాళ్లు. ఆ రాతలు చూసి విజిల్ పగలబడి నవ్వాడు. "ఫుట్‌బాల్‌కొచ్చిన కుర్రాళ్లను కదలకుండా కూర్చోమంటే, ఈతకొచ్చినవాణ్ణి తడవకుండా వెళ్లమన్నట్టుంది సార్" అన్నాడు. ఆయన నవ్వలేదు.

పోటీలు మొదలయ్యాయి. మా జట్టు ఒక్కో మ్యాచ్ గెలుస్తున్నకొద్దీ ఊరంతా హుషారు. మా ఇంట్లో మాత్రం ఆయన మాటలు తగ్గిపోతున్నాయి. సెమీస్ రోజు పొద్దున బూట్లు తొడుక్కుంటూ, నేను విననంత దూరంలో ఉన్నాననుకుని, "ఇవాళ ఓడిపోతే బాగుండు" అన్నారు. నేను వెనకే నిలబడి ఉన్నాను, చేతిలో కెప్టెన్ జెర్సీతో. చిరిగిన భుజం కుట్టి ఇద్దామని. పొడుగ్గా ఉంటాడని అందరూ జిరాఫీ అనే ఆ కుర్రాడు మా ఇంటికొచ్చి, "ఆంటీ, నా నంబరు గట్టిగా కుట్టండి, గోల్ కొట్టినప్పుడు ఊడిపోకూడదు" అనేవాడు. ఆ జట్టే తన ప్రాణమన్నట్టు బతికిన మా ఆయన నోట ఆ మాట విన్నాక నాకు వీపు మీద నీళ్లు జారినట్టయింది.

ఓడిపోలేదు. గెలిచారు.

ఆ సాయంత్రం అమ్మాయి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది. భోజనాల దగ్గర కూర్చుని చేతులూపుతూ చెబుతోంది. "నాన్నా, జిరాఫీ గోల్ కొట్టినప్పుడు గ్యాలరీ ఎలా ఊగిందనుకున్నావు! పడవలో ఉన్నట్టే. భలే ఉందని అందరం కావాలని మళ్లీ మళ్లీ గెంతాం!"

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నిండా ఉన్నారా అమ్మా జనం?"

"సగం కూడా లేరు. ఫైనల్స్‌కి చూడు, కాలు పెట్టడానికి చోటుండదు."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తుడిచిందే తుడుస్తూ, "ఫైనల్స్ రోజు మీరు ముగ్గురూ పడమటి వైపు టెంటు కింద కూర్చోండి. కుర్చీలు వేయిస్తాను" అన్నారు.

"నేనక్కడ ముసలాళ్ల మధ్య కూర్చోను. మా వాళ్లంతా తూర్పు వైపే."

"తూర్పు వైపు అడుగు పెట్టావంటే కాళ్లు విరగ్గొడతాను!"

పుట్టాక దాని మీద ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. అది బిత్తరపోయి, కళ్లనిండా నీళ్లతో గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అత్తయ్య మాత్రం, "మంత్రిగారి పక్కన కూర్చోమంటే ఏడుస్తుందేం పిల్ల!" అని ఆశ్చర్యపోయింది.

నేను గిన్నెలు కడగడానికి వెళ్లాను. కిటికీ అవతల గ్యాలరీ అలాగే ఉంది. ఆయన నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చారు.

"దాని స్నేహితురాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగాను, వెనక్కి తిరక్కుండా.

గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడైంది.

"వాళ్లిష్టం" అన్నారు. ఎంత జనాన్నైనా నోరు మూయించగల ఆ గొంతులోంచి అంత చిన్న మాట రావడం నేనెప్పుడూ వినలేదు.

ఫైనల్స్ రోజు మధ్యాహ్నానికే తూర్పు గ్యాలరీ నిండిపోయింది. 'నిలబడరాదు' అన్న అక్షరాల మీద కుర్రాళ్లు కూర్చున్నారు. మేం ముగ్గురం టెంటు కింద మెత్తటి కుర్చీల్లో కూర్చున్నాం. అత్తయ్య మంత్రిగారిని చూసి మురిసిపోతోంది. అమ్మాయి మూతి ముడుచుకుని గోళ్లు కొరుక్కుంటోంది. ఎదురుగా, మైదానానికి అవతల, రంగురంగుల చొక్కాలతో, జెండాలతో గ్యాలరీ పూలబుట్టలా ఉంది. ఆట మొదలైంది. మావాళ్లు బంతి తీసుకుని ముందుకు ఉరికినప్పుడల్లా ఆ పూలన్నీ లేవబోయేవి. బంతి పోగానే కూలబడేవి. మా ఆయన రెఫరీల బల్ల దగ్గర నిలబడి ఆట చూడటం లేదు. గ్యాలరీనే చూస్తున్నారు.

సగం ఆట అయ్యేదాకా ఎవరూ గోల్ కొట్టలేదు. విరామంలో నేను లేచాను.

"ఎక్కడికే?" అంది అత్తయ్య.

"కాళ్లు పట్టేశాయి అత్తయ్యా. అలా తిరిగొస్తాను. పిల్లని చూస్తూ ఉండండి."

మైదానం చుట్టూ తిరిగి వెళ్లి తూర్పు గ్యాలరీ మెట్లెక్కాను. ఎందుకెక్కానో అప్పుడు నాకు మాటల్లో తెలియదు. నాకోసం వేయించిన కుర్చీలో కూర్చోవడం నావల్ల కాలేదు, అంతే. మధ్య వరసలో ఒకావిడ ఒళ్లో చంటిపిల్లని పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగింది.

"డైరెక్టర్ గారి భార్య కదూ మీరు? ఇక్కడికొచ్చారేంటండీ?"

"ఇక్కణ్ణుంచి బాగా కనబడుతుందని."

"ఆ మాట నిజం" అంది సంబరంగా.

ఆట మళ్లీ మొదలైంది. ఆయన చూపు వరస వరసా వెతుక్కుంటూ వచ్చి నా మీద ఆగింది. ఆ దూరం నుంచి మొహం తెలియదు కానీ మనిషి బిగుసుకుపోవడం తెలిసింది. చెయ్యి కొంచెం ఎత్తి, దిగి రమ్మన్నట్టు వేళ్లు ఊపారు. నేను సర్దుకుని కూర్చున్నాను.

అంతలో నా భుజం మీద చెయ్యి పడింది. అమ్మాయి!

"నువ్వు రాగా లేనిది నేను రాకూడదా?" అంది గెలిచినట్టు నవ్వుతూ. "నాన్న చూస్తే చంపేస్తారు, చెప్పకే!"

"చూశారు. నువ్వు వెళ్లు. ఇప్పుడే వెళ్లు."

నా మాట పూర్తి కాకముందే పై వరసలోంచి నాలుగు చేతులు దాన్ని లాక్కున్నాయి. అదే సమయంలో జిరాఫీ కొట్టిన బంతి గోల్ పక్కనుంచి వెంట్రుక వాసిలో పోయింది. జనం సగం లేచి కూర్చున్నారు. నా కాళ్ల కింద మెట్టు కిందికి దిగి, మళ్లీ పైకొచ్చింది. నిద్రపోతున్నవాడి ఛాతీలా. పక్కనున్న చంటిపిల్ల కేరింతలు కొట్టింది.

తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. అవతలి జట్టువాడెవడో గోల్ ముందు బంతిని చేత్తో ఆపాడు. రెఫరీ ఈల వేసి చుక్క వైపు వేలు చూపించాడు. పెనాల్టీ. మాకు. గ్యాలరీ మొత్తం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేవడానికి సిద్ధమవుతున్న జనం మధ్య నేను పై వరసలో నా కూతురి జడ కోసం వెతుకుతున్నాను.

అప్పుడు మైకులో ఆయన గొంతు వినిపించింది.

"తూర్పు గ్యాలరీవాళ్లూ, ఒక్క నిమిషం కూర్చోండి, కూర్చోండి. పెనాల్టీ ఎక్కడికీ పారిపోదు. రెఫరీ గారిని నేను పట్టుకునే ఉన్నాను."

జనం నవ్వారు. కూర్చున్నారు.

"అంత దూరం నుంచి ఏం కనబడుతుంది? ఇవాళ మైదానం మీదే. గీత దాకా వచ్చి దగ్గర్నుంచి చూడండి. ఒక్కటే షరతు. పరిగెత్తినవాళ్లకి ఆట లేదు. ముందు కింది వరస దిగండి. అది ఖాళీ అయ్యాక పై వరస. పెద్దవాళ్లకి చెయ్యి అందించండి. గెంతాలని ఉంది కదా? నాకూ ఉంది. అందరం నేల మీద గెంతుదాం."

గోడ మీంచి పక్కింటాయనతో మాట్లాడినట్టే. వేదిక మీద ప్రిన్సిపాల్ లేచి నిలబడి చేతులూపడం కనిపించింది. విజిల్ పరిగెత్తుకొచ్చి మైకు లాక్కోబోయాడు. ఆయన ఎడంచేత్తో వాణ్ణి ఆపి, కుడిచేతిలో మైకుతో వరసలు పిలుస్తూనే ఉన్నారు. జనం నవ్వుకుంటూ, జోకులేసుకుంటూ దిగుతున్నారు. చంటిపిల్లని నేనందుకుని, వాళ్లమ్మ దిగాక ఇచ్చాను. అమ్మాయి స్నేహితురాళ్లతో చేతులు పట్టుకుని గీత దగ్గరకి వచ్చింది. గ్యాలరీ పూర్తిగా ఖాళీ అయింది.

అంతసేపూ జిరాఫీ బంతి ముందు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అరచేతులు లాగుకి తుడుచుకుంటూ, గోల్‌కీపర్ వైపు చూస్తూ, మళ్లీ తుడుచుకుంటూ. రెఫరీ ఈల వేశాడు. వాడు పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి పైకడ్డీకి ఖణేల్మని తగిలి, అందరి తలల మీదుగా ఎగిరిపోయింది.

చివర్లో అవతలివాళ్లు గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయారు.

ఎవరో నీళ్ల సీసా విసిరారు. అది ఆయన చెవి పక్కనుంచి పోయింది. తర్వాత బూట్లు వచ్చాయి. ఆయన తల వంచుకోలేదు, తప్పుకోలేదు. కుర్చీలు మడతపెట్టే పనివాళ్లకి ఏ కుర్చీ ఎక్కడికి పోవాలో చెబుతూ నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్, వెనకే ఇంజనీరు మా వరండాలోకి వచ్చారు. ఈసారి ప్రిన్సిపాల్ కర్టెన్ల వైపు చూడలేదు.

"కుర్రాణ్ణి అంతసేపు నిలబెడితే వాడి కాళ్లలో సత్తువ ఉంటుందా? మంత్రిగారి ముందు తమాషా చేశావు. ఎందుకు?"

"జనం గెంతితే గ్యాలరీ నిలబడదని."

ప్రిన్సిపాల్ నెమ్మదిగా తల తిప్పి మైదానం వైపు చూశారు. "నిలబడే ఉందిగా" అన్నారు.

ప్రిన్సిపాల్ ఇంజనీరుని అడిగారు. అతను తన బూట్ల వంక చూసుకుంటూ, "నేనలా అనలేదు సార్" అన్నాడు. మా ఆయన, "టీ తాగి వెళ్లండి" అన్నారు. వాళ్లు తాగలేదు.

ఎండలు ముదరకముందే బంగళా ఖాళీ చేశాం. విజిల్ డైరెక్టరయ్యాడు, తోక లేకుండానే. ఆయన ఊరి అవతల ఒక చిన్న పిల్లల స్కూల్లో ఆటల మాస్టారుగా చేరారు. సామాను దించుతూ అత్తయ్య మొదటిసారి ఏడ్చింది. "ఒక్క బంతి తన్నేదాకా ఆగలేకపోయావట్రా?" అంది. ఆయన ఆవిడ మంచం తీసుకొచ్చి గాలి తగిలేచోట వేశారు.

కొన్నాళ్లు కాలేజీలో అమ్మాయిని పెనాల్టీ అని పిలిచారట. అది ఇంటికొచ్చి ఆయనతో మాట్లాడేది కాదు. తర్వాత ఒక సెలవురోజు, ఏమనుకుందో, తనంతట తనే గ్యాలరీ కిందికి వెళ్లి వచ్చింది. జుట్టు దులుపుకోకుండానే ఆయన పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా పెనాల్టీ మాట రాలేదు.

ఆయన చెప్పాల్సిన ప్రతి ఆఫీసులోనూ చెప్పారు. ఎవరో వచ్చి చూసి వెళ్లారట. కప్పు పోయినందుకు కథలల్లుతున్నాడన్నారు. గ్యాలరీకి కొత్త రంగు వేశారు, నీలం, తెలుపు. కాలేజీ గేటు దగ్గర ఆయన్ని లోపలికి రానివ్వొద్దని కూడా చెప్పి ఉంచారు.

నువ్వెందుకు అక్కడికి వెళ్లి కూర్చున్నావని ఆయన నన్ను అడగలేదు. ఒకే ఒక్కసారి, బట్టలు మడతపెడుతుంటే వచ్చి నిలబడి, "పిల్లని నువ్వు తీసుకెళ్లలేదు కదా?" అన్నారు.

"లేదండీ. అదే వచ్చింది."

తల ఊపారు. "నిన్ను చూశాక కూడా కాసేపు ఆగాను. దాన్ని చూశాక ఆగలేకపోయాను" అన్నారు. మడతపెట్టిన బట్టలు తీసుకెళ్లి అలమరాలో పెట్టారు.

మరుసటేడు పోటీలు మళ్లీ మా కాలేజీకే ఇచ్చారు. ఈసారి కూడా మావాళ్లు ఫైనల్స్‌కి వెళ్లారు. ఆ రోజు అమ్మాయి తన స్నేహితురాళ్లందరినీ మా ఇంటికి పిలిచింది. ఇద్దరు వచ్చారు. ముగ్గురూ లోపల గదిలో ఉన్నారు. ఆయన పొద్దుటినుంచీ కాలేజీ గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్లకి చెప్పి చెప్పి, చివరికి కాపలావాళ్లు నెట్టేస్తే ఇంటికొచ్చారు. వరండాలో కూర్చుని స్కూలు పిల్లల కోసం చిరిగిన వల ఒకటి ముడులు వేస్తున్నారు. నేను గుమ్మంలో కూర్చున్నాను.

గాలి మైదానం వైపు నుంచి వీస్తోంది. సాయంత్రమవుతుండగా దూరం నుంచి ఒక అరుపు లేచింది. వేలమంది గొంతులు, ఒక్కటిగా. ఆయన వేళ్లు ముడి మీద ఆగిపోయాయి. గదిలో పిల్లల మాటలు ఆగిపోయాయి. జనం అరిస్తే అది ఏ అరుపో వెంటనే తెలియదు. ఆ సంగతి అంతకు ముందు నాకు తెలియదు. అరుపు పెరిగింది, ఇంకా పెరిగింది, పగిలింది, తర్వాత అందులోంచి చప్పట్లు, ఈలలు విడివిడిగా వినిపించాయి.

"గోల్" అన్నారాయన.

ముడి బిగించి, మళ్లీ వల చేతిలోకి తీసుకున్నారు. నేను లోపలికి చూశాను. గోడ గడియారం ప్రకారం ఆట ఇంకా సగం కూడా కాలేదు.